మాజీ సైనికుడి తమ్ముడు

అన్న నా కాలర్ పట్టుకుని గొర్ల దొడ్డి తడికెకు ఆనించాడు. తడికె కిర్రుమంది. లోపల గొర్లన్నీ ఒక్కసారిగా అవతలి మూలకు దూకాయి.

"చెప్పు. ఆఫీసుల ఎవరు చెప్పిండ్రు?"

"నాకు తెల్వదన్నా."

"నీకు తెల్వదు. నాయినకు తెల్వదు. మరి గొర్లు పోయి చెప్పినయా?"

మా అన్న వీరేశం పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దార్‌గా బయటికొచ్చాడు. కోపమొస్తే అరవడు. గొంతు తగ్గిస్తాడు. ఆ మధ్యాహ్నం ఆయన మాట నాకు తప్ప ఎవరికీ వినిపించనంత తగ్గింది.

రెండో చేతిలో ఫోను ఉంది. సూర్యాపేట ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చి అర్ధగంట కూడా కాలేదు. ఎక్స్ సర్వీస్‌మన్ కోటాలో వచ్చిన జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం ఆపేశారు. స్థానికత మీద ఫిర్యాదు వచ్చిందట. వచ్చే వారం విచారణకు రమ్మన్నారు.

ఫిర్యాదులో ఏముంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకటో తరగతి నుంచి ఏడు దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. అన్న మూడు నుంచి ఆరు దాకా చదివింది జగ్గయ్యపేట అవతల, ఆంధ్రా వైపు. అప్పట్లో మావాళ్లు మేత కోసం గొర్ల మందను అటు తోలుకుపోయేవాళ్లు. తిరిగొచ్చాక మా ఊరి పాత పంతులు జాలిపడి, ఏడేళ్లూ ఇక్కడే చదివినట్టు సర్టిఫికెట్ రాసిచ్చాడు. రెండు నెలల కింద అన్నం తింటూ అన్నే అన్నాడు, "గా సంగతొక్కటి బయటపడకపోతే సాలు" అని. అప్పుడు పళ్లేల ముందున్నది ఐదుగురం. అమ్మ, నాయిన, అన్న, వదిన, నేను.

"ఇంక అడుగుడేంది?" వదిన వసంత గడపలోనే నిలబడి అంది. "కోదాడ బస్టాండు కాడ హోటల్ల నలుగురి ముంగట ఏమన్నడో ఊరంత ఎరుకే. నెలనెల పింఛను పడేటోనికి మల్ల నౌకరెందుకు అన్నడా లేదా? అడుగు."

"అన్నవా?"

"అన్న." అబద్ధం చెప్పలేకపోయాను. "మాట అన్న. ఆఫీసుకు పోలే."

అన్న కాలర్ వదిలాడు. చొక్కా నలిగిన చోట అరచేత్తో ఒకసారి సరిచేశాడు కూడా. "ఈ ఇల్లు నా పైసలతోని కట్టింది. సామాను తీస్కొని పో."

నాయిన వెంకన్న కర్ర మీద గడ్డం ఆనించి నేలనే చూస్తున్నాడు. అమ్మ గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. తలెత్తలేదు. తల్లి మాట అడ్డం పడుతుందనుకున్నాను. పడలేదు.

*

ఎండ మండిపోతున్న రోజులు. గరిడేపల్లి దగ్గర సగం రోడ్డు మీద వడ్లు పోసి ఉన్నాయి. బస్సు నత్తలా పాకింది. మిర్యాలగూడలో దిగేసరికి నా దగ్గర ఒక బ్యాగు, ఒక స్నేహితుడు మిగిలారు.

సాంసన్, నేను హైదరాబాదులో ఒకే గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదివాం. రెండు పరీక్షలు రద్దయ్యాక వాడు పుస్తకాలు కట్టేసి రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా చేరిపోయాడు. ఉడకబెట్టిన వడ్ల వాసన మధ్య, తవుడు దుమ్ము కళ్లలో పడుతుంటే, మొత్తం విన్నాడు.

"నువ్వు చెప్పలేదని నాకెరుకేరా," అన్నాడు. "అంత ధైర్యమే ఉంటే నీకు ఎప్పుడో నౌకరొచ్చేది."

"నవ్వకు సాంసన్."

"నవ్వుతలే. ఒక్కటి చెప్పు. నీ మనసుల ఏమున్నది? మీ అన్నకు ఆ నౌకరి రావాల్నా, వద్దా?"

అదే పరీక్ష నేనూ రాశాను. నా మార్కులు అన్న మార్కుల కంటే ఎక్కువ. నేను ఎమ్మెస్సీ. అన్నది ఇంటర్, పైన సైన్యం ఇచ్చిన డిగ్రీతో సమానమనే పట్టా. అన్న సెలెక్ట్ అయ్యాడు, నేను కాలేదు. కానీ నా కోచింగ్ ఫీజు ఏ మంచుకొండల మీది నుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు. ఇందులో ఏది న్యాయమో తేల్చలేక ఒక ఏడాది నిద్ర పోగొట్టుకున్నవాణ్ణి.

"రావాలె," అన్నాను చివరికి. "నాకు మంటగనే ఉంటది. అయినా రావాలె."

"గట్లయితే ఆలోచించు. మీ అన్నను తీసేస్తే ఆ పోస్టు నీకు రాదు గద?"

"రాదు. కోటా పోస్టు. వెనకనున్న ఎక్స్ సర్వీస్‌మన్‌కే పోతది."

"ఎవడు వాడు?"

పేరు చెప్పాను. రిజల్ట్ వచ్చిన రోజే చూశాను. మార్కుల్లో అన్న వెనకే ఉన్నాడు. ప్రభాకర్. అన్నతో పాటు ఒకే రెజిమెంట్‌లో పనిచేసినవాడు. సూర్యాపేటలో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు మటన్ తిన్నాడు.

"దొంగ దొరికిండు," అన్నాడు సాంసన్. "పోయి పట్టు. దెబ్బలు తింటే ఫోన్ చెయ్, దవాఖానకు నేనొస్త."

*

ప్రభాకర్ ఏజెన్సీ ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉంది. మెట్ల మీద నీలం యూనిఫాం వేసుకున్న ఇద్దరు గార్డులు. నా పేరు చెప్పగానే ఒకడు నా వెనకే లోపలికి వచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"వీరేశం తమ్మునివి గద. కూసో," అన్నాడు ప్రభాకర్.

"కూసోనికి రాలే. ఆఫీసుల చెప్పింది నువ్వేనా?"

తలుపు దగ్గరున్నవాడు ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రభాకర్ చెయ్యెత్తి ఆపాడు. నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మీ అన్న పోతే నాకొస్తది. గందుకే వచ్చినవ్. మంచిది, జర తెలివున్నది నీకు."

"చెప్పినవా లేదా?"

"పింఛను తిని మల్ల నౌకరి తింటున్నరు అన్నవంట గద కోదాడల? నా పింఛనెంతో ఎరుకనా నీకు? ఇద్దరు పిల్లల ఫీజులకే ఖతం. ముప్పై ఏడేండ్లకు ఇంటికి పంపుతరు మమ్మల్ని. ఆ వయసుల మీ కలెక్టరాఫీసుల గుమాస్తా సగం సర్వీసు సుత చెయ్యడు. తుపాకి పట్టిన చెయ్యికి ఏటీఎం ముంగట ప్లాస్టిక్ కుర్చీ ఇస్తరు. ఇగో, వీడు." తలుపు దగ్గరున్నవాడిని చూపించాడు. "సైన్యంల నాయక్‌గ రిటైరయ్యిండు. రాత్రి డ్యూటీల దొరసాని కుక్కను తిప్పుతడు. అడుగు, రెండు కంచాలల్ల తింటున్నడేమో."

ఆ మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వచ్చింది దొంగను పట్టుకోవడానికి. చెంపదెబ్బ తిన్నట్టయింది.

"నాకొస్తే తీస్కుంట," ప్రభాకర్ లేచి నా దగ్గరికొచ్చాడు. "వద్దని అననురా. నాకూ ఇల్లున్నది. కానీ ఒక్కటి ఇను. వాడు యాడ సదివిండో నాకెట్ల ఎరుక? మంచుల ఒక్క టెంటుల పండుకున్నం గానీ, మీ గొర్లు యాడ మేసినయో వాడెన్నడు చెప్పలే. నీ ఇంట్ల ఎతుక్కో."

తలుపు తెరిచారు. మెట్లు గబగబా దిగాను. గార్డులకు భయపడి కాదు. ఆయన చివరి మాట నిజమని తెలిసి.

*

విచారణ రోజు నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లాను. వరండాలో అన్న ఇస్త్రీ చొక్కాలో, ఛాతీ మీద మెడల్స్ లేకపోయినా ఉన్నట్టే నిలబడ్డాడు. నాయిన పక్కన బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి అన్న దవడ బిగిసింది. పేరు పిలిచారు. నేనూ వాళ్ల వెనకే లోపలికి దూరాను.

అధికారి పేరు సువర్ణ. చూపు పదును, మాట మెత్తన.

"ఫిర్యాదు నోటిమాటగా వచ్చింది. చెప్పిన మనిషి పేరు నేను చెప్పను, మీరు అడగొద్దు," అంది. "మేము అక్కడి బడికి మనిషిని పంపి విచారించాం. అక్కడి రిటైర్డ్ మాస్టారు మిమ్మల్ని గుర్తుపట్టారు వీరేశం గారూ. గొర్లవాళ్ల అబ్బాయి అన్నారట. మాకు చెప్పిన మనిషి ఇంకో మాట కూడా చెప్పారు. గొర్రె ఈనినప్పుడల్లా ముర్రుపాలతో జున్ను వండి ఇస్తే, ఆకు దొన్నెలో పట్టుకుని బడికి పోయి మాస్టారికి ఇచ్చేవారట మీరు. నిజమేనా?"

జున్ను మాట నేను ఎన్నడూ వినలేదు. అప్పటికి నేను పుట్టనేలేదు. నేను కడుపులో పడ్డాకే మావాళ్లు మంద తోలుకుపోవడం మానేశారు.

నాయిన కూడా తలెత్తి చూశాడు.

"నిజమే మేడం," అన్నాడు అన్న.

"కాదనే అవకాశం మీకుంది. సర్టిఫికెట్ ఇక్కడిదే ఉంది."

"ఆ సర్టిఫికెట్ మా పంతులు జాలిపడి రాసింది. గది వట్టుకొని మీ ముంగట అబద్ధమాడ." బల్ల మీది కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "లేహ్‌ల ఉన్నప్పుడు నువ్వు ఏ జిల్లావోనివి అని నన్నెవ్వరు అడగలే మేడం. దేశమంత నీదే, కాపలా కాయి అన్నరు. ఇంటికొచ్చినంక, గొర్లెంట వోయిన పిల్లగానివి, నీకు ఏ జిల్లా లేదంటున్నరు. గంతే. ఇంకేం చెప్పేది లేదు."

సువర్ణ మేడం పెన్ను మూత తీసింది. "నాకు మీ మీద గౌరవం ఉందండీ. రూల్ మీద అధికారం లేదు," అంది. ఆ పోస్టు కోటాలో తరువాతి అభ్యర్థికి వెళ్తుందని చెప్పి సంతకం చేసింది.

బయటికి రాగానే అన్న నన్ను స్తంభం చాటుకు లాగాడు.

"జున్ను సంగతి సుత చెప్పినవ్."

"అన్నా, నాకు ఇయ్యాలనే తెల్సింది. నేను పుట్టకముందు ముచ్చట గది!"

"అమ్మ చెప్పి ఉంటది. సిన్నప్పుడు వొళ్లె పండబెట్టుకొని నీకు కథలు చెప్పింది. అది పట్టుకొని పోయినవ్." ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. "రేపు పొద్దుగాల్ల ఇంటికి రా. మంద పంచుకుందాం. నీకు నాకు ఇగ ఖతం."

*

రేపటిదాకా ఆగలేదు. ఆ సాయంత్రమే వెళ్లాను. అన్న, వదిన చిలుకూరు వెళ్లారు, పంపకానికి కులపెద్దను పిలుచుకురావడానికి. దొడ్డిలో అమ్మ ఒక్కతే ఉంది. ఈనిన గొర్రె వెనక కాళ్లు రెండూ తన మోకాళ్ల మధ్య పట్టుకుని, తల్లి ఒప్పుకోని పిల్లను పొదుగుకు పెడుతోంది. ఆ పని మా ఇంట్లో ఇంకెవరికీ చేతకాదు.

"ఒచ్చినవా బిడ్డా. తిన్నవా?"

"తిన్న."

"పెద్దోనిది పోయిందంట గద."

"పోయింది."

పిల్ల పాలు అందుకుంది. తోక ఊపుతోంది. అమ్మ ఆ తోకనే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"మరి ఇగ నీకొస్తదా?"

నేను తడికె పట్టుకున్నాను.

"ఏంది అమ్మా?"

"గదేరా, ఆ నౌకరి. పెద్దోడు ఇడిసిపెడితే సిన్నోనికే గద."

తడికె వదిలి ఆమె ముందు కూర్చున్నాను.

"అది మంద కాదమ్మా," అన్నాను. "గొర్లు కావు, పెద్దోడు వద్దంటే సిన్నోడు తోలుకపోనీకి. అది మిలిటరోళ్ల పోస్టు. ఇంకో మిలిటరాయినకు పోయింది. ప్రభాకర్‌కు."

"ప్రభాకర్‌కా? మన ఇంట్ల మటన్ తిన్నోనికా?"

"ఆ."

అమ్మ మోకాళ్లు సడలాయి. గొర్రె విదిలించుకుని పోయింది. పిల్ల కింద పడి అరిచింది. అమ్మ దాన్ని ఎత్తలేదు.

"మంద పంచుకునేటప్పుడు పెద్దోడు పంచుతడు, సిన్నోడు ముంగల ఏరుకుంటడు," అంది ఎటో చూస్తూ. "మా తాతల కాంచి గంతే. పెద్దోడు పంచినా తక్కువ పెట్టడు, ఎందుకంటే ఏరుకునేది సిన్నోడు గనుక. పెద్దోనికి పింఛనున్నది. నువ్వు ముప్పై దగ్గరికొస్తున్నవ్, ఇంకా పుస్తకాలే మోస్తున్నవ్. ఇది నువ్వు ఏరుకోవాల్సిందనుకున్న."

"అన్న నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినప్పుడన్న చెప్పకపోతివి."

"చెప్తే ఇద్దరు కొడుకులు పోతరనిపించింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కడు పోయి మల్ల నౌకరితోని వస్తడనుకున్న. ఏడ్సుకుంట పోయి చెప్పొచ్చిన బిడ్డా. ఆ మేడం నీళ్లిచ్చింది."

పిల్లను నేనే ఎత్తుకుని ఆమె ఒడిలో పెట్టాను. ఆ రాత్రి సాంసన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

*

పొద్దున్నే మందను వాకిట్లోకి తోలారు. కులపెద్ద దస్రు మామ మంచంలో కూర్చుని చుట్ట వెలిగించాడు. ఆడవాళ్లు అరుగు మీద. గోడల మీద నుంచి ఊరు సగం చూస్తోంది.

అన్న పంచాడు. ఒక్కో గొర్రె పళ్లు చూసి, పొదుగు చూసి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి తోలాడు. ఒకవైపు పొట్టేలు బలంగా ఉందనిపించి, ఆ వైపు నుంచి ఒక ఆడగొర్రెను తీసి రెండో వైపుకు మార్చాడు. నన్ను దొంగ అనుకుంటూనే గింజంత తేడా లేకుండా పంచాడు.

"అయిపాయె," అన్నాడు దస్రు మామ. "సిన్నోడా, ఏరుకో."

"జర ఆగు మామా," వదిన అరుగు దిగింది. "ముంగల ఒప్పుకోమను. అన్న నెత్తుటి పైసలతోని సదివి, అన్న నోటికాడి కూడు తన్నిన అని పదిమందిల ఒప్పుకొని, అప్పుడు ఏరుకోమను. మొగోడైతే."

"ఒప్పుకోరా," గోడ మీద నుంచి ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు.

అన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను కాదని చెబితే నమ్మాలని ఇంకా ఆశ ఉంది. అది భరించలేకపోయాను. అరుగు మీద అమ్మ లేవబోయింది. మళ్లీ కూలబడింది.

"నేనే అన్నా," అన్నాను. "నేనే పోయి చెప్పిన."

అన్న తల మెల్లగా కిందికి వాలింది. దస్రు మామ చుట్ట తీసి ఉమ్మేశాడు.

"థూ. ఏరుకొని పో."

నేను ఒక అడుగు వేశాను. నా దారికి అడ్డంగా కర్ర పడింది. నాయినది.

"వాడు కాదు."

ఆ ఎండాకాలమంతా నాయిన మాట్లాడిన మొదటి మాట అదేనేమో. అన్న తలెత్తాడు.

"వాడే ఒప్పుకున్నడు గద నాయినా."

"అబద్ధమాడుతున్నడు. పొద్దు పొడవకముందే నేను మంద తోలుకొని పోయేటోన్ని. జున్ను సంగతి ఆఫీసుల నేను సుత మొదటిసారి విన్న. నాకే తెల్వంది వానికెట్ల తెలుస్తది?" కర్ర నేలకు గట్టిగా నొక్కి పట్టాడు. "రాత్రంత ఆలోచన చేసిన. మొగోళ్లం ఎవ్వరం లేం ఆడ. వండింది ఎవరో, దొన్నెల పోసి పంపింది ఎవరో, వాళ్లకే ఎరుక."

"ఎవరు నాయినా?" అన్న గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "పేరు చెప్పు."

పెళ్లయిన నాటి నుంచి నాయిన అమ్మను పేరు పెట్టి పిలవలేదు. ఏమే అన్నాడు, ఇగో అన్నాడు, నలుగురిలో ఉంటే పెద్దోని తల్లి అన్నాడు. దవాఖానలో చీటీ రాసేవాడు అడిగినా నన్ను చెప్పమని పక్కకు తిరిగేవాడు.

ఇప్పుడు పక్కకు తిరగలేదు. అరుగు వైపు సూటిగా చూశాడు.

"ఉప్పలమ్మ," అన్నాడు.